కారిబూ బాటల నెఱిగిన ఓలాస్ మ్యూరీ

మహాపురుషుల చరిత్రము లనగానే మనము రాజులను, సేనానులను, మతాచార్యులను, కవులను తలంతుము. నోరులేని మృగముల వెంట మంచులో నడచి, వాని బాటలను పటములపై గీసి, ఆ బాటలు చెడకుండ కాపాడుటకై యాయుష్షంతయు వెచ్చించిన వారు మన తలంపునకు అరుదుగా వత్తురు. అట్టివారిలో నొకడగు ఓలాస్ మ్యూరీ మహాశయుని చరిత్రమును మేమీ వ్యాసమున సంగ్రహముగా వ్రాయదలచితిమి. ఆయన గతించి 60 ఏండ్లు దాటినవి. అయినను ఆయన మన ముందుంచిన ప్రశ్న నేటికిని తీరలేదు. ఒక జంతుజాతిని కాపాడుట యన నేమి? మృగమును చంపకుండిన చాలునా? అది నడచు నేలను సయితము విడిచిపెట్టవలెనా? ఈ ప్రశ్నకు మ్యూరీ తన కాలినడకచే సమాధానము వెదకెను.

మొదట కారిబూ యననేమో చదువరులకు తెలుపవలసియున్నది. ఇది ఉత్తర అమెరికా ఖండపు చలిసీమలలో తిరుగు దుప్పి జాతి మృగము. కారిబూ యను పేరు మిక్‌మాక్ అను ఆదివాసుల మాటనుండి వచ్చినది. మంచును త్రవ్వునది యని దాని యర్థము. ఐరోపా, ఆసియా ఖండముల ఉత్తర భాగములలో జనులు పెంచుకొను రెయిన్‌డీరును ఈ కారిబూయును శాస్త్రజ్ఞుల లెక్కలో ఒక్కటే జాతి. అది సాధుమృగము, ఇది వన్యమృగము. మన దుప్పులలో మగవానికే కొమ్ములుండును గాని, కారిబూలలో ఆడువానికిని కొమ్ములు మొలచును. వెడల్పైన గిట్టలు మంచులోను బురదలోను క్రుంగకుండ దానిని మోయును. చలికాలమున నిది మంచును గిట్టలతో త్రవ్వి, రాళ్లను నేలను అంటియుండు లైకెన్ అను నాచువంటి పదార్థమును తినును. వసంతము రాగానే చూలుగొన్న ఆడుమృగములు ముందు నడువ, మందలు వందలకొలది మైళ్లు సాగి, మే మాసాంతమునను జూన్ మొదటి దినములలోను తమ కలవాటైన తావునకు చేరి యీనును. పుట్టిన దూడ ఒక దినము గడచునప్పటికే తల్లి వెంట పరుగిడగలదు. వేసవిలో దోమలును ఈగలును బాధింపగా గాలి వీచు తీరములకును మిట్టలకును పోవును. శరత్కాలమున మరల వెనుకకు మరలును. ఇట్లు కారిబూ బ్రతుకంతయు నడకయే. ఈ సంగతిని చదువరులు మనస్సున నుంచుకొనిన యెడల మ్యూరీ చరిత్రము సులభముగా బోధపడును.

ఓలాస్ మ్యూరీ 1889వ సంవత్సరము మార్చి 1వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మిన్నెసోటా రాష్ట్రమున మూర్‌హెడ్ అను పట్టణమున జన్మించెను. తలిదండ్రులు నార్వే దేశమునుండి వలసవచ్చినవారు. పసితనముననే తండ్రి గతించుటచే కుటుంబము కష్టములకు లోనయ్యెను. ఆ యూరి ప్రక్కన రెడ్ నది ప్రవహించుచుండెను. చుట్టును గడ్డి మైదానములు. బాలుడగు ఓలాస్‌నకు ఆ నదియొడ్డే మొదటి పాఠశాల. పక్షుల నెఱుగుట, అడుగుజాడలు చదువుట, చూచినదానిని బొమ్మగా గీయుట యను మూడు విద్యలును ఆయనకచ్చటనే యలవడినవి. ఫార్గో కళాశాలలో చేరి జీవశాస్త్రము నభ్యసించి, పిదప తన ఉపాధ్యాయుని వెంట పశ్చిమమునకు పోయి, ఆరిగాన్ రాష్ట్రములోని పసిఫిక్ విశ్వవిద్యాలయమున 1912లో పట్టము నొందెను.

అటుపిమ్మట పిట్స్‌బర్గ్ నగరములోని కార్నెగీ వస్తుప్రదర్శనశాలవారి పక్షమున, 1914, 1915 సంవత్సరములలో హడ్సన్ అఖాతమునకును, 1917లో లాబ్రడార్ దేశమునకును పోయి పక్షులను మృగములను సేకరించెను. అచ్చటి ఆదివాసులతో కలిసి తిరిగి, చలిలో నెట్లుండవలెనో, కుక్కలు లాగు స్లెడ్జి బండి నెట్లు నడుపవలెనో వారియొద్ద నేర్చుకొనెను. పట్టభద్రుడయ్యును చదువురాని వేటగాండ్రకు శిష్యుడగుటకు ఆయన సిగ్గుపడలేదు.

ఇక ఆయన ముఖ్యకార్యమునకు వచ్చుటకు ముందు అలాస్కా దేశపు రెయిన్‌డీర్ల కథ కొంత చెప్పవలెను. తిమింగిలములను వాల్రసులను వేటాడు ఓడలవారు ఆ సముద్రములను కొల్లగొట్టగా తీరవాసులగు ఎస్కిమోలకు ఆహారము తగ్గెను. షెల్డన్ జాక్సన్ అను ప్రెస్బిటీరియన్ మిషనరీ వారి యాకలిని చూచి జాలిపడి, 1891 మొదలుకొని సైబీరియా దేశమునుండి రెయిన్‌డీర్లను ఓడలపై తెప్పించెను. 1902 వరకు వచ్చినవి సుమారు 1,280 మాత్రమే. అవి పెరిగి పెరిగి 1930 ప్రాంతమునకు ఆరు లక్షలయ్యెనని యంచనా. ఆయన తలంపు దయతో కూడినది, దానివలన పలువురకు తిండియు బట్టయు దొరకినవి. కాని ఒక దేశమునకు క్రొత్త మృగమును తెచ్చినపుడు, ఆ నేలపై అంతకుముందే నడచుచున్న మృగమున కేమగునని యడిగినవారు ఆనాడు మిక్కిలి కొద్దిమంది. ఆ ప్రశ్న మ్యూరీకి మిగిలెను.

1920లో సంయుక్త రాష్ట్రముల ప్రభుత్వమువారి జీవసర్వే శాఖ మ్యూరీని అలాస్కాకు పంపెను. కారిబూలెన్ని యున్నవి, ఏ బాటల నడచును, ఏమి తినును, వేనివలన నశించుచున్నవి యని తెలిసికొనుట ఆయన పని. దీనితో మరియొక యాజ్ఞయు నుండెను. అడవి కారిబూలు రెయిన్‌డీర్లకంటె పెద్దవి. కావున మేటి కారిబూ పోతులను పట్టి రెయిన్‌డీర్లతో కలిపి మేలైన సంకరజాతిని పుట్టింపవలెనని అధికారులు తలచిరి. 1922లో మ్యూరీయు ఆయన తమ్ముడు అడాల్ఫును మెకిన్లీ పర్వతపు ఉద్యానవనములో దొడ్డి కట్టి, పోతులను పట్టుటకు పూనుకొనిరి. ఆ చలికాలమున అన్నదమ్ములిరువురు కుక్కల బండితో బ్రూక్స్ పర్వతశ్రేణి వైపు వందలకొలది మైళ్లు ప్రయాణము చేసిరి. ఆ యేడే వారి మరియొక సోదరుడగు మార్టిన్ క్షయవ్యాధిచే మరణించెను.

ఈ ప్రయాణములలో మ్యూరీకి కలిగిన జ్ఞానము పైవారి యుద్దేశమునకు విరుద్ధముగా నుండెను. రెయిన్‌డీర్లు కారిబూ మందలలో కలసిపోయినచో వన్యజాతి బలము క్షీణించునని ఆయన కనుగొనెను. అంతేకాక రెండు జాతులకును మేత యొక్కటే. లైకెన్ మిక్కిలి మెల్లగా పెరుగునది. ఒకమారు మేసి త్రొక్కి పాడుచేసిన పట్టు మరల పెరుగుటకు పలు సంవత్సరములు పట్టును. కావున రెయిన్‌డీర్లను కారిబూల నేలకు రానీయరాదని ఆయన తేల్చెను. కారిబూలకు తుపాకికంటెను తోడేలుకంటెను పెద్ద ముప్పు మానవుడు లాభమునకై ఆ నేలను మార్చుటయే యనియు, అందును రెయిన్‌డీరు పెంపకమే ముఖ్యమనియు ఆయన నిర్భయముగా వ్రాసెను. రెయిన్‌డీర్లకును ఆ మేత చాలలేదు. మేతలేమి, తోడేళ్లు, కాపరితన లోపము, కారిబూలలో కలసి పారిపోవుట మున్నగు హేతువులచే 1950 నాటికి అవి సుమారు 25,000కు దిగజారెను.

మ్యూరీ చేసిన లెక్కలలో ప్రసిద్ధమైనది ఫార్టీమైల్ మందది. విమానములనుండి ఛాయాచిత్రములు తీసి లెక్కించు పద్ధతి అప్పటికింకను రాలేదు. ఆయన మంద దాటు చోట నిలిచి, కొంత మేర దాటునవానిని లెక్కించి, మంద వెడల్పును, అది దాటుటకు పట్టిన దినములను విచారించి, హెచ్చవేసి, 1920లో ఆ యొక్క మందలో 5,68,000 మృగములున్నవని అంచనా కట్టెను. అంచనాలలో తప్పుండవచ్చును, కాని లక్షలకొలదిగా నుండెననుటకు సందేహము లేదు. ఆ మందయే తరువాతి కాలమున తగ్గి తగ్గి, 1970వ దశకము నడుమ కొద్దివేలకు చేరెను. వేటయు, కఠినమైన చలికాలములును, తోడేళ్లును కలసి యిట్లు చేసెనని విద్వాంసులు చెప్పుదురు. ఎంత విస్తారముగా నున్నను అది క్షేమమునకు గుఱుతు కాదని ఈ యొక్క మంద చరిత్రమే మనకు నేర్పుచున్నది.

ఫేర్‌బాంక్స్ పట్టణమున నున్నపుడు మ్యూరీకి మార్గరెట్ థామస్ అను కన్యతో పరిచయము కలిగెను. ఆమె 1924లో అలాస్కా వ్యవసాయ కళాశాలనుండి పట్టము నొందిన మొదటి స్త్రీ. ఆ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన, ఇంకను తెల్లవారకముందే, యూకన్ నదీతీరమున నున్న ఆన్విక్ అను గ్రామములో మిషను వారి చిన్న దేవాలయమున వారికి వివాహము జరిగెను. పెండ్లియైన వెంటనే దంపతులు మంచి మేడలున్న పట్టణమునకు పోలేదు. పడవపై కోయుకుక్ నది నెగువకు పోయి, నదులు గడ్డకట్టిన పిదప కుక్కల బండితో కారిబూ మందల వెంట తిరిగిరి. 1926లో ఏడాదియైన నిండని కుమారుని సయితము వెంటబెట్టుకొని ఓల్డ్ క్రో నది మీద పోవుచుండగా పడవ యంత్రము విరిగిపోయెను. అయినను వారు వెనుదిరుగక, దోమల గుంపుల నడుమ, గడలతో పడవను ఎగువకు నెట్టుకొనుచు పోయి బాతుల పరిశోధన ముగించుకొని వచ్చిరి. భర్త పరిశోధనకు భార్య ఇంతగా తోడ్పడిన దృష్టాంతములు శాస్త్రచరిత్రములో కొద్దిగానే యుండును. మ్యూరీ కీర్తిలో సగపాలు ఆ యిల్లాలిదని మేము తలంతుము.

1927లో ప్రభుత్వమువారు మ్యూరీని వయోమింగ్ రాష్ట్రములోని జాక్సన్ హోల్ అను లోయకు మార్చిరి. అచ్చట ఎల్క్ అను పెద్ద దుప్పులు చలికాలమున గుంపులుగా చచ్చుచుండెను. అవి పూర్వము చలికి దిగిపోవు పల్లములను కాపురస్థులు కంచెలు వేసి పొలములుగా చేసికొనిరి. బాట మూసికొనిపోగా ఎల్కులు ఒక్క చోట క్రిక్కిరిసి, గరుకైన గడ్డి తిని, నోటిలో పుండ్లు పడి రోగముచే చచ్చుచున్నవని మ్యూరీ కనుగొనెను. కారిబూల నేలలో నేర్చిన పాఠమే ఆయనకిచ్చటను కనబడెను.

అదే లోయలో కయోటీ యను నక్కవంటి మృగమును గూర్చి మరియొక పరీక్ష వచ్చెను. కయోటీలే ఎల్కులను తినివేయుచున్నవని జనులు నమ్ముచుండిరి. మ్యూరీ పనిచేయు శాఖయే ఆ కాలమున కయోటీలను తోడేళ్లను విషము పెట్టి చంపించుచుండెను. ఆయన ఓర్పుతో కయోటీల మలములను కడుపులను పరీక్షించి, అవి ముఖ్యముగా తినునవి ఎలుకజాతి ప్రాణులు, కీటకములు, చచ్చిన మృగముల మాంసము అనియు, ఎల్కుల నాశమునకు అవి హేతువు కావనియు 1935లో ప్రకటించెను. ఈ మాట పైయధికారులకు రుచింపలేదు. జీతమిచ్చువారికి ప్రియమగునట్లు ఫలితమును మార్చి వ్రాసిన యెడల ఆయనకు సుఖమే. కాని కన్నులార చూచినదానిని కాదనుట ఆయనకు చేతకాలేదు. ఆ 1935లోనే అలాస్కా, యూకన్ ప్రాంతముల కారిబూలను గూర్చిన ఆయన మహాగ్రంథమును ప్రభుత్వమువారు ప్రచురించిరి. నేటికిని కారిబూ పరిశోధకులు మొదట చూచు గ్రంథములలో అది యొకటి.

1945లో మ్యూరీ ప్రభుత్వోద్యోగము మాని, విల్డర్‌నెస్ సొసైటీ యను వనసంరక్షణ సంఘమునకు నిర్వాహకుడయ్యెను. గ్రాండ్ టీటాన్ పర్వతముల క్రింద మూస్ అను చిన్నయూరిలో దూలములతో కట్టిన యింటనుండి ఆయన సంఘకార్యములు నడిపెను. మృగముల యడుగుజాడలను గుర్తించుటకు తానే బొమ్మలు గీసి వ్రాసిన పుస్తకము 1954లో వెలువడి మిక్కిలి వ్యాప్తి చెందెను. ఆ యేడే సోదరుని బలిగొన్న క్షయవ్యాధియే ఆయనకును సోకెను. డెన్వర్ నగరపు ఆసుపత్రిలో చిరకాలము చికిత్స పొంది లేచెను. అప్పటికి ఆయన వయస్సు 65 ఏండ్లు దాటినది. మరియొకడైనచో ఇక విశ్రాంతి గోరియుండును.

మ్యూరీ 1956 వేసవిలో భార్యతో కూడ మరల అలాస్కాకు బయలుదేరెను. బ్రూక్స్ పర్వతములలోని షీన్‌జెక్ నదీలోయలో గుడారములు వేసికొని, మొక్కలను పక్షులను మృగములను పరిశీలించెను. బ్రీనా కెసెల్, రాబర్ట్ క్రియర్, జార్జి షాలర్ అను శాస్త్రజ్ఞులు వారితో నుండిరి. వీరిలో షాలర్ అప్పటికి విద్యార్థి. పిదప మన దేశమునకు వచ్చి మధ్యప్రదేశములోని కన్హా యడవులలో పులులను దుప్పులను గూర్చి పరిశోధించి ప్రఖ్యాతి గాంచినవాడీతడే. సుప్రీము కోర్టు న్యాయమూర్తి విలియం డగ్లసును ఆ గుడారములకు వచ్చి చూచిపోయెను. ఆ లోయలో కారిబూ మంద నడచిపోవుట చూచినపుడు, 36 ఏండ్ల క్రిందట చూచిన దృశ్యము ఈ భూమిపై ఇంకను మిగిలియున్నదని మ్యూరీ సంతసించెను. దానిని మిగిల్చియుంచుటయే ఆయనకిక శేషించిన పని.

ఆయన రాజధానిలో కూర్చుండి శాసనము చేయింప జూడలేదు. అలాస్కాలోని యూరూరికి పోయి, వేటగాండ్రను గనులవారిని వర్తకులను కలిసికొని, తాను చూచినదానిని బొమ్మలతో చూపి, వారి యభిప్రాయము నడిగెను. వేటగాండ్ర సంఘములలోనే ఆయనకు మిత్రు లేర్పడిరి. అయినను 1960లో ప్రతినిధుల సభ యంగీకరించిన బిల్లు సెనేటు సభలో నిలిచిపోయెను. తుదకు ఆ సంవత్సరము డిసెంబరు 6వ తేదీన ఆంతరంగిక శాఖామాత్యుడగు ఫ్రెడ్ సీటన్ తన యధికారముచే 89 లక్షల ఎకరముల నేలను ఆర్కిటిక్ వన్యమృగ రక్షితభూమిగా ప్రకటించెను. ఆ తంతివార్త మూస్ గ్రామమునకు చేరినపుడు వృద్ధదంపతు లిరువురు ఆనందబాష్పములు విడిచిరి.

మ్యూరీ 1963 అక్టోబరు 21వ తేదీన పరమపదించెను. ఆయన కోరిన వనసంరక్షణ శాసనము మరుసటి యేడు 1964 సెప్టెంబరు 3వ తేదీన అధ్యక్షుని సంతకము పొందినపుడు మార్గరెట్ ఆ సభలో నిలిచియుండెను. 1980లో ఆ రక్షితభూమి సుమారు 190 లక్షల ఎకరములకు విస్తరించెను. ఆమె 101 ఏండ్లు జీవించి 2003లో కాలధర్మము నొందెను.

ఇచ్చట మేమొక సంగతి మరువరాదు. ఆ నేలను నిర్జనమని పట్టణవాసు లనుకొనుచుండిరి. కాని అది గ్విచిన్ అను ఆదివాసుల తరతరాల నివాసము. పార్కుపైన్ మంద యను పేరుగల కారిబూలే వారికి తిండి, బట్ట, ఆచారము, కథ. ఆ మంద ఈనునట్టి తీరపు మైదానమును వారు పవిత్రభూమిగా నెంతురు. ఆ తీరము క్రింద నూనె యున్నదని తెలిసిన పిమ్మట, 1988లో వారి పెద్దలు ఆర్కిటిక్ విలేజి యను గ్రామమున సభ చేసి మంద పక్షమున నిలువవలెనని తీర్మానించుకొనిరి. మంద సరిహద్దు నెఱుగదు గనుక, 1987లోనే కెనడాయు సంయుక్త రాష్ట్రములును దాని రక్షణకై యొడంబడిక చేసికొనియుండెను. 2017లో ఆ మందలో సుమారు 2,18,000 మృగములు లెక్కకు వచ్చినవి. ఆ యేడే తీరమును నూనె త్రవ్వకమునకు తెరచు శాసనమును పుట్టెను. ఆ వాద మింకను ముగియలేదు.

అన్ని మందలకును ఇట్టి భాగ్యము లేదు. లాబ్రడార్, క్విబెక్ సీమలలోని జార్జి నది మంద 1993 ప్రాంతమున ఏడులక్షలకు మించియుండి, 2018 నాటికి సుమారు 5,500కు దిగిపోయెను. మ్యూరీ తన యౌవనమున తిరిగిన లాబ్రడార్ దేశమే అది. నేడు శాస్త్రజ్ఞులు మృగముల మెడలకు రేడియో పట్టెడలు కట్టి, ఉపగ్రహముల మూలముగా వాని నడక నెఱుగుచున్నారు. పనిముట్లు మారినవి గాని, మంద యెచ్చట నడచుచున్నది, ఆ బాటకడ్డము ఏమి వచ్చుచున్నదను ప్రశ్న మ్యూరీ యడిగినదే.

విద్యార్థి సోదరులారా! మ్యూరీ ధనవంతుడు కాడు, అధికారి కాడు. ఆయనకున్న సాధనములు రెండు కాళ్లు, ఒక పెన్సిలు, చూచినది చూచినట్లు చెప్పు నాలుక. షెల్డన్ జాక్సన్ గారి దయ యొక గొప్ప గుణమే. ఆ దయకు తోడు, మన మేలుచేయబూనిన నేలపై ముందే నడచుచున్నవా రెవరో, నడచుచున్న వేవియో చూచి తెలిసికొను నోర్పు కావలెనని మ్యూరీ జీవితము బోధించుచున్నది. సృష్టికర్త కారిబూనకు కాళ్లతో కూడ బాటనుగూడ నిచ్చెను. బాటను తీసికొని కాళ్లను మాత్రము విడిచినచో కాపాడితిమనుకొనుట వట్టి భ్రమ. మన యూరి చెఱువుకట్టలపైనను, పొలిమేర పొదలలోను నడచు ప్రాణుల బాటలను మన విద్యార్థులు నోపికతో చూచి వ్రాసికొనుట నేర్తురేని, మేమీ చరిత్రము వ్రాసిన శ్రమ ఫలించినదని సంతసింతుము.